తొలకరి కోసం ఆగిన ట్యాంకర్ భాయ్

పాఠకులకు తెలియజేయడమేమనగా, సౌదీలోని హుఫూఫ్‌లో మా కంపెనీ నీళ్ల ట్యాంకర్ నడిపే భాయ్ మొన్న ఆదివారం ఉదయం గుండె ఆగి చనిపోయాడు. ఆ కబురును రిజిస్టరులో ఎక్కించవలసిన గుమాస్తాను నేనే. ఎక్కించాను. దుఃఖించడానికి మధ్యాహ్న విరామం కేటాయించుకున్నాను, అది చాలలేదు.

భాయ్‌ది కడప జిల్లా. యాభై దాటాక స్టీరింగ్ వదిలి తోటల పనిలోకి మారాలని నిశ్చయించుకుని, దూరవిద్యలో ఉద్యానశాస్త్రం డిప్లొమాకు చేరాడు. ట్యాంకు నిండేంతసేపూ పుస్తకాన్ని స్టీరింగ్‌కు ఆనించి చదివేవాడు. శుక్రవారాలు సెలవు గనుక, ఊరి చివర ఒక ముసలి సౌదీ రైతు ఖర్జూరపు తోటలో సాధన చేసేవాడు.

మొదటి ఏడాది అభ్యాసం నిమ్మ మొక్కలు నాటడం. తొలకరి పడగానే నాటవలెనని పుస్తకంలో ఉంది. మన జిల్లాల కోసం రాసిన పుస్తకమది. భాయ్ గుంతలు తీసి నిరీక్షించాడు. రోజంతా ఊరికి నీళ్లు మోసే మనిషి, ఎడారి అంచున, రెండు నెలలు, వాన కోసం.

"ఏం భాయ్, మబ్బేమైనా పట్టిందా?" అని మెస్‌లో అడగనివాడు లేడు.

"నగండి సార్, నగండి. పుస్తకం తప్పు సెప్తాదా?"

చివరికి తానే నీళ్లు పోసి నాటి, జవాబు పత్రంలో ఇలా రాశాడు: "ఇక్కడ తొలకరి రాదు. నేనే ట్యాంకర్లో తీసుకొనిపోయినాను." పాస్ చేశారు.

ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష కడపలో. సెలవు దరఖాస్తులో కారణం 'తోటపని పరీక్ష' అని ఉన్నదున్నట్టు రాశాడు. ఇఖామాలో, అంటే నివాస అనుమతి కార్డులో, వృత్తి డ్రైవర్ అని ఉన్నవాడికి తోటపనితో సంబంధమేమిటని, నిబంధనల ప్రకారం నేనే వెనక్కిచ్చాను. నిబంధనలకు వెలుపల ఒక సలహా కూడా ఇచ్చాను.

"అమ్మకు బాగాలేదని రాయి భాయ్. రేపే సంతకం అయిపోద్ది."

"మాయమ్మ పోయి ఆరేండ్లాయ సార్. సచ్చిపోయినామెను నా పరీచ్చ కోసం మల్లా మంచాన పండబెట్టమంటారా?"

"అయితే వచ్చే ఏడాది చూద్దాంలే."

"కానీండి సార్. సెట్టుకేం తొందర."

పై అధికారికి పంపి ఉంటే ఆయన ఒప్పుకునేవాడేమో. ఆ సంగతి కనుక్కునే ప్రయత్నం నేను చేయలేదు. ఖననం కాగితాల్లో వృత్తి అన్న గడిలో 'డ్రైవర్' అని నింపిందీ నేనే. చేతిరాత బాగానే వచ్చింది.

నిన్న ఆ ముసలి రైతు ఆఫీసుకు వచ్చాడు. చేతిలో తడిగుడ్డ చుట్టిన ఖర్జూరపు రెమ్మ. ముహందిస్ ఎక్కడ, అన్నాడు. ఇంజనీరని అర్థం. మా దగ్గర ఇంజనీర్లెవరూ లేరన్నాను. ఆయన కిటికీలోంచి ట్యాంకర్ వైపు వేలు చూపించాడు.

నాకు వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో చెప్పాను. ఆయన గుండె మీద చేయి పెట్టుకుని, పెదవులు మాత్రం కదుపుతూ ప్రార్థన చేశాడు. తర్వాత గుడ్డ విప్పి, రెమ్మ మీది తెగులు మచ్చలను ఒకసారి చూసుకున్నాడు. మంచినీళ్ల కూలర్ దగ్గరికి నడిచి, గుడ్డను మళ్లీ తడిపి, రెమ్మకు జాగ్రత్తగా చుట్టి, ఎండలోకి వెళ్లిపోయాడు.