వకీలు గారి సెంటర్ స్పీకరు

ప్రతి ఉదయం తన స్పీకర్ల దుకాణం షట్టరు ఎత్తగానే ఆయన చెప్పులు బయట విడిచి, బల్ల ముందు కళ్ళు మూసుకుని కాసేపు నిలబడేవాడు. దేవుడితో ఏం చెప్పుకునేవాడో ఎవరికీ తెలియదు. కళ్ళు తెరిచాక ఏం చేసేవాడో మాత్రం వీధంతటికీ తెలుసు. ఒక పాత సినిమాలోని కోర్టు సీను పెట్టేవాడు. రోజూ అదే సీను. తెరమీద వకీలు బోను దగ్గరికి నడుస్తుంటే, ఈయన కూడా దుకాణంలో నాలుగడుగులు వేసి అతనితోపాటే పెదవులు కదిపేవాడు.

"తలుపు తీసింది ఎవరు? మీరా, మీ తమ్ముడా?"

ఎదురుగా టీకొట్టాయన గ్లాసులు కడుగుతూనే జడ్జీ వంతు అందుకునేవాడు. "సాక్షిని బెదిరించకండి, వకీలు గారూ!"

అలా ఆయనకు వకీలు అనే పేరు స్థిరపడిపోయింది. కోర్టు మెట్లెక్కిన మనిషి కాదు. రేడియోలు బాగుచేసే మేనమామ దగ్గర పని నేర్చుకుని, కాలం మారాక ఇళ్ళల్లో హోమ్ థియేటర్లు బిగించడం మొదలుపెట్టాడు. ఏ ఇంటికి వెళ్ళినా ముందు టీవీ వెనక పేరుకున్న దుమ్ము తుడిచేవాడు. వదులైన ప్లగ్గు కనిపిస్తే అడక్కుండానే బిగించేవాడు. ఆ ఇంట్లో పసిపిల్లలుంటే ఏ గదిలో పడుకుంటారో కనుక్కుని, ఆ గోడకు స్పీకరు తగిలించేవాడు కాదు.

పాటలూ చప్పుళ్ళూ గది చుట్టూ ఉన్న స్పీకర్లలోంచి వచ్చినా, మనుషుల మాటలు చాలావరకు టీవీ కింద అడ్డంగా పెట్టే ఒక్క పెట్టెలోంచే వస్తాయి. దాన్నే సెంటర్ స్పీకరు అంటారు. కొనేవాళ్ళు ఇల్లదిరేలా మోగే పెద్ద డబ్బా గురించి అడుగుతారే తప్ప దీని ఊసెత్తరు. వకీలు దీని దగ్గరే పట్టుబట్టేవాడు.

"తలుపు దభాలున వేసిన చప్పుడు వినడానికి సినిమా దాకా ఎందుకండీ? మా పక్కింట్లో రోజూ వినొచ్చు. మాట వినపడాలి, మాట!"

కొత్త సెంటర్ స్పీకరు ఏది వచ్చినా దాంట్లో ఆ కోర్టు సీను పెట్టి తీర్పు చెప్పేవాడు. నచ్చితే "కేసు గెలిచింది", నచ్చకపోతే "కొట్టేశారు". ఓడిపోయినవి చాలా తక్కువ.

ఒక రోజు వెనక వీధిలోని ఒక ఇంటి కోడలు వచ్చింది. పిల్లలకు ట్యూషన్లు చెప్పుకునే మనిషి.

"అన్నయ్యా, మా ఇంట్లో అన్ని స్పీకర్లూ ఉన్నాయి, ఆ మధ్యది తప్ప. అది చవకలో మంచిది కావాలి."

"ఇప్పుడేం వచ్చిందమ్మా అంత అవసరం?"

"మా అత్తయ్య కోసం. ఆసుపత్రి లాండ్రీలో ఆ పెద్ద యంత్రాల మధ్య పనిచేసి చేసి ఆవిడకు చెవులు మందగించాయి. చెవి మిషను పెట్టుకుంటే తలనొప్పి అంటుంది. అందరం కూర్చుని సినిమా చూస్తుంటే 'ఏమన్నాడు, ఏమన్నాడు' అని అడిగేది. ఈమధ్య అడగడం మానేసింది. మేం టీవీ పెట్టగానే లేచి వెనక గదిలోకి వెళ్ళిపోతోంది. బట్టలు మడతపెట్టాలంటుంది. రోజూ ఎన్ని బట్టలుంటాయి అన్నయ్యా?"

వకీలు దుకాణంలో ఉన్నవాటిలో తక్కువ ధరది తీశాడు. కాస్త తేలికైన పెట్టె. ఎదురుగా నిలబడి కోర్టు సీను పెట్టాడు. ప్రతి అక్షరం వినపడింది. "కేసు గెలిచిందమ్మా" అన్నాడు. సాయంత్రం వెళ్ళి, టీవీ బల్ల అరలో లోపలికంటా తోసి చక్కగా అమర్చి వచ్చాడు. పెద్దావిడ తలుపు పక్క కుర్చీలో కూర్చుని, "చాలా బాగుంది నాయనా" అని మరీమరీ చెప్పింది.

తీగ గోడకు అంటిపెట్టే క్లిప్పులు ఆ రోజు తక్కువపడ్డాయి. అవి కొట్టడానికి ఆయన మళ్ళీ వెళ్ళేసరికి ఇంటిల్లిపాదీ టీవీ ముందున్నారు. ఏదో కొత్త హాస్య సినిమా. పెద్దావిడ కూడా అక్కడే ఉంది. వకీలు మోకాళ్ళమీద కూర్చుని క్లిప్పులు కొడుతూ తలెత్తి చూశాడు. తెరమీద ఎవడో ఏదో అన్నాడు. కొడుకు నవ్వాడు, కోడలు నవ్వింది. పెద్దావిడ వాళ్ళ మొహాలు చూసి, అప్పుడు నవ్వింది. ఇంకో మాటకీ అంతే. కొత్త స్పీకరు కొన్నారు కాబట్టి కూర్చుంది. పాపం, అంతే.

కోడలు కాఫీ తేవడానికి లేచినప్పుడు వకీలు వెనకే వంటింట్లోకి వెళ్ళాడు.

"పిన్నిగారికి వినపడటం లేదమ్మా."

"బాగుందనే అంటోందిగా!"

"అంటారు. ఆవిడకి మన మొహం చిన్నబోకూడదు, అంతే."

తిరిగొచ్చి, "పిన్నిగారూ, ఒక్కసారి లేస్తారా? ఆ కుర్చీలో నేను కూర్చోవాలి" అన్నాడు. కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఆ సినిమా ఆయన ఎన్నడూ చూసింది కాదు. మాటల్లో సగం అందలేదు. గొంతు వినపడుతోంది, మాట విడిపడటం లేదు. బాగా పనిచేసే చెవులకే ఇలా ఉంటే ఆవిడ సంగతేమిటి?

ఆయనకు అప్పుడు తట్టింది. కోర్టు సీనులో స్పీకరు మింగేసిన మాటను కూడా ఇన్నేళ్ళూ తన నోరే పలికి పూర్తిచేస్తోంది. అదీ నడి మధ్యన, పెట్టెకు ఎదురుగా నిలబడి. ఆ తీర్పును నమ్మి ఎందరో పెట్టెలు మోసుకెళ్ళారు. ఎన్ని ఇళ్ళల్లో ఎవరెవరు పక్క కుర్చీల్లో కూర్చుని మొహాలు చూసి నవ్వుతున్నారో దేవుడికే తెలియాలి.

"ఏమైందన్నయ్యా, వాపసు ఇచ్చేయాలా?" అంది కోడలు.

"ఆగమ్మా. తప్పు దానిదో నాదో ముందు తేలనీ."

స్పీకరును అరలోంచి బల్ల అంచుదాకా లాగాడు. అంతవరకూ దాని గొంతు అర చెక్కకు కొట్టుకుంటోంది. ముందువైపు కింద రెండు రబ్బరు ముక్కలు పెట్టి మొహం పైకెత్తాడు. కొద్దిగా తలుపు వైపు తిప్పాడు. పెద్ద డబ్బా మోత తగ్గించి, మధ్య స్పీకరు పెంచాడు. సినిమా మళ్ళీ మొదటినుంచి పెట్టించాడు.

"ఇప్పుడెలా ఉంది పిన్నిగారూ?"

"చాలా బాగుంది నాయనా."

"బిగించిన రోజూ ఇదే మాటన్నారు."

పెద్దావిడ కోడలి వైపు చూసింది. కోడలు ఆవిడ పక్కన నేలమీద కూర్చుని మోకాలిమీద చెయ్యి వేసింది. "చెప్పు అత్తయ్యా. నువ్వు నిజం చెబితే మాకేమీ నష్టం లేదు. నువ్వలా లోపలికి వెళ్ళి కూర్చుంటేనే బాగోదు."

"అది కాదే..." ఆవిడ కొంగు సరిచేసుకుంది. "ఆ మీసాలవాడి మాట ఇప్పుడు తెలుస్తోంది. ఆ పిల్ల మాటే సగంలో జారిపోతోంది. మొదట బాగానే ఎత్తుకుంటుంది, చివరి మాట మింగేస్తుంది."

వకీలుకు ఇన్నేళ్ళ పనిలో ఒక స్పీకరు గురించి ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఆయన రిమోటు తీసుకుని సన్నటి స్వరాలు కాస్త పెంచాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఇంకాస్త పెంచాడు.

"ఆఁ, ఇప్పుడు 'మా నాన్న ఒప్పుకోడు' అంది. ఒప్పుకోక ఏం చేస్తాడు, వాడి మొహం!"

కొడుకు పకపకా నవ్వాడు. "అమ్మా, ఇకనుంచి సినిమా నడుస్తున్నంతసేపూ నువ్వు ఇలాగే మాట్లాడతావా ఏంటి?"

"మాట్లాడతాను. ఇన్నాళ్ళదీ బాకీ ఉంది."

ఆ మాటకు అంతా నవ్వారు. వకీలు నవ్వలేదు. పనిముట్ల సంచీ సర్దుకుని గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి ఆవిడ కుర్చీ ముందు నిలబడ్డాడు.

"పిన్నిగారూ, మీరు నాకొక సాయం చెయ్యాలి."

"నేనా? నాకేం తెలుసు నాయనా స్పీకర్ల సంగతి!"

"తెలియకపోవడమే కావాలండీ. కొత్త పెట్టె వచ్చినప్పుడల్లా కబురు చేస్తాను. కుర్చీ పక్కగా వేయిస్తాను. నేను చూడని సినిమా, మీరు చూడని సినిమా పెడదాం. వినపడని మాట దగ్గర చెయ్యెత్తండి, చాలు. బాగుందని మాత్రం అనకండి. నేను నొచ్చుకుంటానని అస్సలు చూడకండి."