గంజి పెట్టిన కేబుల్

సముద్రం మొహం చూడకుండానే సముద్రంలో వాడే పరికరం తయారుచేసిన ఘనత నాది. జగిత్యాలలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పాఠాలు అయిపోయాక ల్యాబులో కూర్చుని చేసిన వస్తువు అది. పడవ వెనక కేబుల్‌కు కట్టి నీళ్ళలో లాక్కుపోతే, రెక్కలు వంచుకుని మునుగుతుంది, ఎత్తుకుని తేలుతుంది. పోతూ పోతూ ఏ లోతులో నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నాయో, ఎంత మడ్డిగా ఉన్నాయో చూసి, ఆ కబురంతా కేబుల్ గుండా పడవలోని లాప్‌టాప్‌కు పంపుతుంది. ఇంట్లో అందరం దాన్ని చేప అంటాం.

చేపకు స్టీలు ఒళ్ళు చేసింది కోరుట్లలో బోరు మోటార్లు బాగుచేసే దుకాణంలో. దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో జగిత్యాల వస్తుంటే పక్క సీటు పెద్దాయన తడిమి చూశాడు. ఎన్ని ఫీట్లకు నీళ్ళు పడ్డాయని అడిగాడు. ఇది బోరుకు కాదు తాతా, సముద్రానికి అన్నాను. ఆయన ఎందుకైనా మంచిదని, మల్యాలలో మోటార్లకు కాయిల్ చుట్టే మంచి మనిషి ఉన్నాడని చెప్పి ఫోన్ నంబర్ ఇచ్చాడు. నాకు ముక్కు మీదే కోపం. నా పనిని ఎవరైనా తేలిక చేస్తే ఊరుకోను. అయినా ఆ నంబర్ ఫోన్లో దాచుకున్నాను.

అంతా బాగానే ఉంది కానీ కేబుల్‌తోనే తంటా. పడవ వేగం అందుకోగానే నీళ్ళు రెండు వైపులా కోసుకుపోయి కేబుల్ జుమ్ముమని వణుకుతుంది. ఆ వణుకు చేపకు పాకి, లెక్కలన్నీ గజిబిజి అవుతాయి. దీనికి మందు ఉంది. కేబుల్ పొడవునా దారపు కుచ్చులు వేలాడదీస్తే నీళ్ళు నెమ్మదిగా సర్దుకుని వెళతాయి. అలాంటి కుచ్చుల పట్టీ బయటి దేశాల్లో అమ్ముతారు. కుచ్చుల కోసం అంత దూరం పోవడమేమిటి, మా అక్కను సిరిసిల్లలో ఇచ్చాక!

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. బావకు ఇంటి వెనక షెడ్డులో సాంచాలున్నాయి. ఇంత సన్నపు పట్టీకి సాంచ ఎందుకని, వాళ్ళ నాన్న వాడిన చేతిమగ్గాన్ని అటక మీది నుంచి దించి దులిపాడు. మొదటి పరీక్షకు నూలు చాలు, నెగ్గితే పాలిస్టర్‌తో నేద్దామనుకున్నాం. బావ నేశాడు, అక్క ఆ పట్టీని కేబుల్ పొడవునా ముడులు వేసి కట్టింది. చేపకు పెళ్ళి చీర కుదిరింది, ఇక పిల్లాడిని చూడాలి అని బావ నన్ను ఆటపట్టించాడు.

పెళ్ళిచూపులు నిజంగానే ఉన్నాయి. తీరం నుంచి సముద్రాన్ని పరిశోధించే ఒక శాస్త్రవేత్త, మేమంతా మేడం అనే ఆవిడ, చేపను చూడడానికి వస్తున్నారు. ఆవిడకు నచ్చితే చేప సముద్రానికి వెళుతుంది, దాన్ని నడిపే మనిషిగా నేనూ వెళతాను. నచ్చకపోతే ల్యాబులో బీరువా మీదికి ఎక్కుతుంది. సముద్రానికి వెళ్ళాలని నాకు ఎంత ఉందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే జరగదేమోనని భయం.

సిరిసిల్ల దగ్గర మానేరు జలాశయంలో పరీక్ష. చేపలు పట్టేవాళ్ళ ఇంజన్ పడవ మాట్లాడాం. మేడం, నేను, కేబుల్ వదలడానికి బావ ఎక్కాం. అక్క టిఫిన్ డబ్బాలతో ఒడ్డున కూర్చుంది. చేపను దించాం. కేబుల్ మీద చెయ్యి పెడితే వణుకే లేదు. నా ఒళ్ళు పులకరించింది. అంతలో లాప్‌టాప్‌లో మడ్డి చూపించే గీత పైకి లేచింది. లేచి లేచి వానాకాలపు వాగంత మడ్డి చూపించింది.

మేడం పడవలోంచి వంగి చూశారు. అడుగున నాచు కనబడేంత తేటగా ఉన్నాయి నీళ్ళు. "మీ సెన్సర్ పాడైనట్టుందండి" అన్నారు మెల్లగా. ఇంకో చుట్టు తిరిగాం. గీత కొంచెం దిగింది. మూడో చుట్టుకు ఇంకొంచెం దిగింది. సెన్సర్ చెడితే చెడ్డట్టే ఉండాలి గానీ, ఇలా మెల్లమెల్లగా బాగుపడదు కదా!

కేబుల్ పైకి లాగించాను. చేతికి జిగట తగిలింది. వెనకాలే వేలెడు చేపపిల్లలు గుంపుగా వస్తున్నాయి, నిజం చేపలు. కుచ్చు ముక్కు దగ్గర పెట్టుకుంటే మా చిన్నప్పటి ఇంటి వాసన.

"బావా, దీనికి గంజి పెట్టినవా?"

బావకు నా ప్రశ్నే అర్థం కాలేదు. "గంజి వెట్టకుంట పోగు మగ్గం మీద నిలుస్తదా మరదలా? గా మేడం అస్తున్నదని నేసినంక ఇంకోసారి గూడ వెట్టిన. మెరవాలె గద" అన్నాడు గర్వంగా.

నేత ఇంట్లో పుట్టి కూడా నాకు తట్టలేదు. గంజి పెట్టని సరుకు బయటి మనిషి ముందు పెట్టడమంటే మావాళ్ళకు మాసిన బట్టతో పెళ్ళికి పోవడమే. ఆ గంజి కరిగి తెల్లటి మడ్డిగా చేప మొహం మీదుగా పోతుంటే, చేప ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కోపం తెచ్చుకోవలసినదాన్ని, నవ్వు ఆపుకోలేక పడవ అంచు పట్టుకున్నాను. సంగతి చెబితే మేడం నాకంటే గట్టిగా నవ్వారు.

ఒడ్డుకు వచ్చి కేబుల్ మొత్తం లోతులేని నీళ్ళలో పరిచాం. అక్క కొంగు దోపుకుని దిగింది. మేడం చుడీదారు మడుచుకుని మోకాటి లోతులో నిలబడి కుచ్చులు పిండారు. రెండుసార్లు పెట్టినవాడు నాలుగుసార్లు ఉతకాలని అక్క బావ చేత అందరికంటే ఎక్కువ ఉతికించింది. తర్వాత ఆ తడి బట్టలతోనే మళ్ళీ పడవెక్కాం. ఈసారి గీత కిందనే, చాపేసుకుని పడుకున్నంత నిమ్మళంగా సాగింది. మేడం కేబుల్‌ను చాలాసేపు పట్టుకుని, సముద్రంలో ఈ ముడులు ఊడితే ఎవరు కడతారని అడిగారు. అక్కను చూపించాను. "అయితే ఇద్దరూ రండి" అన్నారు.

అలా మేమిద్దరం తీరం నుంచి పొద్దున బయల్దేరి సాయంత్రం తిరిగొచ్చే చిన్న ఓడ ఎక్కాం. బావ సాంచాలు వదిలి రాలేక, ఈసారి పాలిస్టర్ పట్టీని తనే ఉతికి ఆరేసి పంపించాడు. అక్క ఒక చేత్తో రెయిలింగ్ పట్టుకుని రెండో చేత్తో ఒక్కో ముడీ తడిమి చూసి కేబుల్ వదిలింది. చేప మునిగింది.

చేపకు ఉప్పు చూసే కన్ను కూడా పెట్టాను. మానేరులో దానికి పనేముంది? ఎన్నిసార్లు పరీక్షించినా ఆ గీత తెర అడుగున నేలకు అంటుకుని ఉండేది. అది పనిచేస్తుందని ల్యాబులో బకెట్టు ఉప్పునీళ్ళతో తప్ప నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడది ఒక్కసారిగా లేచి తెర పైదాకా వెళ్ళి అక్కడే నిలిచింది.

అక్క నా భుజం మీదుగా వంగింది. "గిదేందే చెల్లె, గీ గీత గట్ల లేసి నిలవడ్డది?"

ఉప్పు అక్కా అని చెప్పబోతే సంతోషంతో ఏడుపొచ్చింది. అక్క ఏదో చెడిపోయిందనుకుని, ముడి తనే సరిగ్గా వేయలేదేమోనని కంగారుగా కేబుల్ వైపు పరుగెత్తింది.