ఎస్తేరు ఆరో విసురు

1958లో నన్ను కావలిలోని ఒక బాలికల ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయినిగా నియమించారు. మద్రాసులో శిక్షణ ముగించుకుని వచ్చిన నాకు అదే మొదటి ఉద్యోగం. ఆటసామాను బీరువాలో రెండు వెదురు ఈటెలు, ఒక ఇనుప గుండు, గాలి నిలవని బంతులు ఉన్నాయి.

ఎస్తేరు అప్పుడు తొమ్మిదో తరగతి, హాస్టల్లో ఉండి చదివేది. వాళ్ళ నాన్న కొడవలూరు పక్క పల్లెలో మాగాణి కౌలుకు చేసేవాడు. కోతల కాలంలో కుప్ప మీదికి వరిమోపులు ఎగరేసి ఎగరేసి ఆ పిల్లకు నడుమూ భుజమూ కలిసి పనిచేయడం అలవాటైంది. ఈటె విసరడానికి కావలసింది అదే. ఉత్త చేతిబలంతో విసిరేవాళ్ళు త్వరగా అలసిపోతారు. పరుగులోని వేగాన్ని నడుము గుండా భుజానికి, అక్కణ్ణించి వేళ్ళకు అందించాలి. నేను నేర్పిందల్లా పరుగులో అడుగుల లెక్క, తాడు చుట్టిన చోట పట్టు. రెండేళ్ళలో జిల్లాలో ఆమెకు ఎదురు లేకుండా పోయింది.

1961లో జాతీయ పోటీలకు నెల్లూరులో ఎంపిక జరిగింది. ఈటెకు ఒక్కరికే చోటు. ఈటె పడే చోట నిలబడే నిర్ణేతగా నన్ను వేశారు. అధికారుల్లో ఆడమనిషిని నేనొక్కదాన్నే. లోహపు మొన ముందుగా నేలకు తగిలితేనే విసురు చెల్లుతుంది. తగిలితే తెల్లజెండా, లేకపోతే ఎర్రజెండా. మిగతా అధికారులు దూరంగా ఉంటారు కాబట్టి ఈ విషయంలో ఆ నిర్ణేత మాటే చివరి మాట.

పోటీ మొదలయ్యే ముందు టేపు పట్టే ఇద్దరు నాకు వినపడేటట్టే మాట్లాడుకున్నారు. “ఆమె పిల్లే గదబ్బా దిగేది. ఇంక కొలతెందుకు?” అన్నాడు ఒకతను. విననట్టే ఉన్నాను గాని, ఆ మాట నన్ను వదల్లేదు.

ఒక్కొక్కరికి ఆరు విసుర్లు. ఐదు ముగిసేసరికి ఎస్తేరు రెండో స్థానంలో ఉంది. ఆరోసారి ఆమె ఈటె తక్కువ ఎత్తులో, సముద్రపు గాలికి అడ్డంగా వచ్చి, అందరి గుర్తులనూ దాటి పడింది. మొన నేలను గీసింది, ఆ వెంటనే కట్టె మొత్తం ఆనింది. మొన ముందు తగలడం నేను కళ్ళారా చూశాను. నేల మీద వేలెడంత గాడి కూడా పడింది. టేపు పట్టినతను నా వైపే చూస్తున్నాడు. నేను ఎర్రజెండా ఎత్తాను.

ఎస్తేరు పరుగెత్తుకొచ్చింది. “ముందు మొనే గదా టీచర్ తగిలినాది?”

“లేదమ్మా, అడ్డంగా పడినాది,” అన్నాను.

ఆమె నా మాట నమ్మింది. మరుసటి వారం మైదానానికొచ్చి, అడ్డంగా పడకుండా ఎట్లా విసరాలో చెప్పమంది. అప్పుడైనా నిజం చెప్పవలసింది. చెప్పకుండా, మొనను బాగా పైకెత్తి నిటారుగా విసరడం నేర్పాను. బలం ఉంది కాబట్టి ఆ పద్ధతిలోనూ వరసగా రెండేళ్ళు రాష్ట్ర ఛాంపియన్ అయింది. జాతీయ పోటీల్లో ఒకసారి మూడో స్థానం తెచ్చుకుంది. కాని ప్రతి విసురుకూ ఆమె భుజం వెనక్కి మెలితిరగడం నేను చూస్తూనే ఉన్నాను. 1964లో సాధన చేస్తుండగా ఆ భుజంలో కండరం తెగింది. చెయ్యి ఇంటిపనులకు పనికొస్తుందనీ, ఈటెకు ఇక పనికిరాదనీ డాక్టరు చెప్పాడు. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు.

తర్వాత ఆమె కూడా వ్యాయామ ఉపాధ్యాయిని అయింది. 1967లో నిర్ణేతల శిక్షణకు నెల్లూరు వచ్చింది. మొన నిబంధన చెప్పే పాఠం నాదే. పాఠమయ్యాక అందరూ వెళ్ళిపోయారు. ఆమెను ఉండమని, జరిగింది చెప్పాను.

“ఎందుకు టీచర్?” అంది.

“నా పిల్లను నేనే గెలిపించుకున్నానంటారని భయపడినాను.”

“ఆ యేడు పోయిందానికి కాదు టీచర్ నా బాధ. తప్పు నా చేతిలోనే ఉందనుకున్నా. బాగున్న విసురును మార్చుకున్నా. మార్చింది మీరే గదా, ఆ పొద్దన్నా చెప్పుండకూడదా?”

ఆమె పుస్తకాలు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత పోటీల్లో ఎదురుపడితే నమస్కారం పెట్టేది, పిల్లల సంగతులు మాట్లాడేది. మా ఇంటికి మాత్రం మళ్ళీ రాలేదు.

జరిగింది జరిగినట్టు పోటీల నిర్వాహకులకు రాసి పంపాను. పాత ఫలితాలు మార్చే వీలు లేదని జవాబిచ్చారు. రిటైరయ్యేదాకా నా విద్యార్థినులు దిగిన ఏ పోటీకీ నేను జెండా పట్టలేదు. పక్షపాతమంటే మనవాళ్ళ వైపు మొగ్గడమేనని అంతవరకూ అనుకునేదాన్ని. మన పేరు కాపాడుకోవడానికి మనవాళ్ళకు అన్యాయం చేయడమూ పక్షపాతమే. నిర్ణేత తనకు కనపడింది చెప్పాలి. చెప్పినందుకు తనను ఎవరేమనుకుంటారన్నది ఆట నిబంధనల్లో ఎక్కడా లేదు.