ఎత్తుకోవలసినవాళ్ళ జాబితా

ముత్యాల గుమాస్తా అంటే ఆ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ముత్యాలు మెడలో కాదు, చేతిరాతలో. కంప్యూటర్లు వచ్చాక కూడా ఆఫీసు గోడకి అంటించే కాగితం ఏదైనా ఆయన చేత్తో రాయవలసిందే. వరదల విభాగంలో ఇరవై ఆరేళ్ళుగా ఒకటే కుర్చీ, ఒకటే కిటికీ. కిటికీలోంచి చూస్తే ఏరు, ఏటి ఒడ్డున పల్లపు వీధి, ఆ వీధిలో ఏడో ఇల్లు. అది వాళ్ళ అక్కది.

తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆ అక్కే. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, నోరు మాత్రం ఉంది. "ఆఫీసులో ఉద్యోగమట, చొక్కా గుండీ ఒకటి తిన్నగా పెట్టుకోడు" అని వీధిలో అందరి ముందూ పరువు తీసేది. తీసేసి, ఆ గుండీ తనే సరిచేసేది.

గుమాస్తా పనుల్లో అన్నిటికన్నా పెద్దది, వానలకి ముందు 'ముందుగా ఎత్తుకోవలసినవాళ్ళ జాబితా' రాయడం. వరదొస్తే పడవ మొదట ఎవరి గుమ్మంలోకి వెళ్ళాలో చెప్పే కాగితం అది. నడవలేనివాళ్ళు, మంచం పట్టినవాళ్ళు, నెలలు నిండినవాళ్ళు. ఏటేటా ఇల్లిల్లూ తిరిగి, మనిషిని కళ్ళారా చూసి మరీ రాయాలని రూలు. ఎవరు పెట్టారో గానీ బంగారం లాంటి రూలు. తిరగడానికి మనుషుల్ని ఇవ్వడమే మరిచిపోయారు మహానుభావులు! తిరగవలసిన వీధులు పదకొండు, గుమాస్తా ఒక్కడు.

ఆ ఏడు ఎండాకాలంలో అక్క స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఇక మంచమే. పక్కింటావిడ వచ్చి చేసిపెట్టేది. ఒకరోజు తమ్ముడు చూడబోతే అక్క అంది:

"ఒరేయ్, మీ జాబితాలో నా పేరు కూడా పడెయ్యరా. ఇప్పుడు నేనూ ఆ బాపతే."

"నీకు జాబితా ఎందుకక్కా, నేను లేనూ? నేనే వచ్చి ఎత్తుకుపోతా."

"నువ్వా! నీ నడుం పట్టేస్తే మనిద్దర్నీ ఎవరు మోస్తార్రా?"

ఇద్దరూ పడీపడీ నవ్వారు.

తరవాతి నెల కొత్త ఆఫీసరు వచ్చాడు. జాబితాకి రెండు వారాలు పడుతుందంటే కసిరాడు.

"ఏడాదిలో ఏం మారిపోతుందయ్యా? పోయినేటిదే దింపెయ్. సాయంత్రానికి పైకి పోవాలి."

"తిరిగి రాయాలండీ, సార్..." అని గుమాస్తా నసిగాడు. మోకాళ్ళ నొప్పి గుర్తొచ్చి ఆ నసుగుడూ మానేశాడు. నిజం దాచడమెందుకు, లోపల సంతోషించాడు కూడా. పాత పేర్లే ముత్యాల్లా దింపి, పైన సంవత్సరం మార్చాడు. పల్లపు వీధి దగ్గర కలం ఆగింది. మిగతావాళ్ళనెవర్నీ చూడకుండా సొంత అక్కని ఎక్కిస్తే నలుగురూ ఏమనుకుంటారు? కలం ముందుకి సాగింది. ఆఫీసరు చదవకుండా సంతకం పెట్టాడు. పై ఆఫీసరు ఆ సంతకం చూసి తన సంతకం పెట్టాడు. వరదకి అంతా సిద్ధమని గోడ మీదికి కాగితం ఎక్కింది.

వానలు ముదిరాక ఒక ఉదయం పది గంటలకి ఏరు కట్ట దాటింది. గుమాస్తాది ఫోను దగ్గర డ్యూటీ. ఆయన జాబితా చదవాలి, పడవవాళ్ళు వెళ్ళాలి. పల్లపు వీధికి ఉన్నది ఒకటే పడవ.

"నాలుగో ఇల్లు. ముసలావిడ. చూపులేదు, చెవుడు."

ఆ మాట అంటూనే ఏడో ఇల్లు కూడా చెప్పేద్దామనుకున్నాడు. పక్కనే ఆఫీసరు కూర్చుని ఉన్నాడు. ఈ ఒక్క ఇల్లూ అయిపోనీ, అప్పుడు చెబుదాం అనుకున్నాడు.

కాసేపటికి ఫోనొచ్చింది. "గుమాస్తాగారూ, తలుపు పగలగొట్టి చూశామండీ. ఎవరూ పలకట్లేదు."

"ఆవిడకి వినబడదయ్యా! అన్ని గదులూ చూడండి. అటక మీద కూడా చూడండి."

చూశారు పాపం, నడుంలోతు నీళ్ళలో మంచాల కింద చేతులు పెట్టి తడిమారు. అరగంట పోయింది. ఆ ముసలావిడ చలికాలంలోనే కన్నుమూసింది. ఆ సంగతి వీధంతా ఎరుగును, ఒక్క జాబితాకే తెలియదు.

"సరే, ఏడో ఇంటికి వెళ్ళండి. మా అక్క ఉంది."

"జాబితాలో లేదు కదండీ?"

"లేదు. వెళ్ళండయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటా."

"ఉరవడి పెరిగిపోయిందండీ. పడవ నిలవట్లేదు. ఇందాకే చెప్పుంటే మూడు గుమ్మాల దూరమేగా..."

గుమాస్తా ఫోను అక్కడే వదిలేసి పరుగెత్తాడు. వీధి మొదట్లోనే నీళ్ళు ఆయన్ని గుండెలదాకా ముంచి వెనక్కి నెట్టేశాయి. మళ్ళీ దూకబోతే నలుగురు పట్టుకుని ఆపారు.

నీళ్ళు తీశాక పక్కింటావిడ ఏడుస్తూ చెప్పింది. "నేను వదల్లేదు బాబూ, తనే తరిమేసింది. 'నువ్వు పో, నాకేం భయం? జాబితా మా తమ్ముడి చేతిలోనే ఉంది. పడవ నా గుమ్మంలోకే వస్తుంది' అంది."

తరవాత విచారణ జరిగింది. సహాయం ప్రణాళిక ప్రకారమే అందిందని తేల్చారు. అబద్ధమేం కాదు, అచ్చంగా ప్రణాళిక ప్రకారమే అందింది! ఆ నివేదిక సాపు రాసింది కూడా గుమాస్తానే. అప్పుడు కూడా రాత ముత్యాల్లాగే వచ్చింది, పాడురాత.

మరుసటి ఏడు ఆయన సెలవు పెట్టి పదకొండు వీధులూ తిరిగాడు. ప్రతి మంచం దగ్గరా కూర్చుని, మనిషి చెయ్యి పట్టుకుని చూసి రాసుకున్నాడు. ఆఫీసుకొచ్చి పాత జాబితా ముందేసుకుని, పోయినవాళ్ళ పేర్లు ఎర్ర సిరాతో కొట్టేయడం మొదలుపెట్టాడు. పల్లపు వీధి వచ్చింది. నాలుగో ఇంటి ముసలావిడ పేరు కొట్టేశాడు. కలం కిందికి దిగింది, మళ్ళీ పైకి వచ్చింది, మళ్ళీ దిగింది. కొట్టేయడానికైనా అక్క పేరు అందులో లేదు.