అక్క అడగని మాట

మా అక్క పోయి ఇరవై రోజులైంది. బోధన్ దగ్గర చెరుకు రైతు ఇంటికి కోడలిగా వెళ్లి, నలుగురు పిల్లల్ని కని, ముప్ఫై రెండేళ్లకే ఒంట్లో రక్తం లేక చనిపోయింది. ఆసుపత్రికి తెచ్చేసరికే ఆలస్యమైందన్నారు. ఆ ఆలస్యంలో నా వంతూ ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

రెండేళ్ల కింద, పిల్లలు పుట్టకుండా మగవాళ్లకు చేసే ఆపరేషన్ కోసం వాళ్ల ఊరికి ఆసుపత్రి జీపు వచ్చింది. చేయించుకుంటే చెరుకు మోపు లేపలేనని భయపడి, బావ పొద్దుగూకేదాకా తోటలో దాక్కున్నాడు. అక్క అక్కడికే సద్ది పంపింది. "పోనీ తియ్, నేనే ఏదో సూసుకుంట" అని నాతో చెప్పి నవ్వింది.

గాజులు కొనుక్కొస్తామని బావకు చెప్పి అక్కా నేనూ నిజామాబాద్ బస్సెక్కాం. మళ్లీ కడుపు రాకుండా అక్క ఆసుపత్రిలో లూపు వేయించుకుంది. గాజుల సంగతి బస్టాండులో గుర్తొచ్చి, బండి మీద దొరికినవి కొంటే అవి అరచెయ్యి దాటలేదు. నవ్వాగలేదు మాకు. "లూపు ముచ్చట మీ బావకు చెప్తె నా మీద ఒట్టే" అంది.

లూపుతో నెలకు పదిరోజులు ముట్టు అయ్యేది. ఆ పదిరోజులూ వెనక వసారాలో చాప మీద ఉండాలి. పొయ్యి ముట్టకూడదు, మొగుడు దగ్గరికి రాకూడదు. అత్త లేని ఇల్లు కాబట్టి బావే వండేవాడు. అక్క చాప మీద నుంచే "ఉప్పెయ్యలే, సూడు" అని కేకేసేది. ఆయన కంచం జరిపి "కారమైందా?" అని అడిగేవాడు. పెళ్లయ్యాక వాళ్లు తీరిగ్గా మాట్లాడుకున్నది ఆ రోజుల్లోనే.

"గీ పది దినాలు నావే. ఎవ్వలు ముట్టరు, ఎవ్వలు లేపరు" అనేది నాతో.

ఏడాది తిరిగేసరికి అక్క పెదవులు పాలిపోయాయి. తీయించుకొమ్మని తిట్టాను.

"తీస్తె మల్ల కడుపైతది. నలుగురిని సాదుడే అయితలేదు."

డాక్టరు దగ్గరికి పోదామంటే, బావకు తెలిసిపోతుందని రానంది. నేను ఒట్టు పట్టుకుని కూర్చున్నాను. మాట నిలబెట్టుకుంటున్నానని గర్వం కూడా. పాడు గర్వం.

అక్క దినకర్మ అయిన మర్నాడు బావకు అంతా చెప్పాను.

"ముట్టయి బయటున్నదనే అనుకున్న, మరదలా. గన్ని దినాలేందని అడగలే. ఆడోళ్ల ముచ్చట, నాకేమెరుక అనుకున్న." గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "నాతోని ఒక్కమాట అంటే నేనే ఆపరేషన్ చేపిచ్చుకుంటుంటి గదా."

జీపొచ్చిన రోజు ఎక్కడున్నావని నోటిదాకా వచ్చింది. అప్పటికే ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడుస్తున్నాడు. ఆ చేతుల మీద, వేళ్ల దాకా, గంజి వార్చి వార్చి కాలిన మచ్చలు.