నరహరి ఇంటి సిద్ధుడు

ఆర్మూర్ పసుపు మార్కెట్ వెనక సందులో, రేకుల కప్పున్న ఒంటి గదిలో నరహరి ఉంటాడు. వయసు యాభై మూడు. అందులో ఇరవై రెండేళ్లు మస్కట్‌లో మొక్కల తోటలోనే గడిచిపోయాయి. రెండేళ్లకోసారి నెల సెలవు మీద వచ్చి పెళ్లిచూపులకు తిరిగేవాడు. పిల్ల తరఫువాళ్లు ఆలోచించి కబురు పెట్టేలోపు విమానం ఎక్కేసేవాడు. అట్లా పెళ్లీడు కాస్తా దాటిపోయింది. పూర్తిగా తిరిగొచ్చేసరికి సందులో ముఖాలన్నీ కొత్తవి. దుకాణంలో బియ్యం అడగడం తప్ప మూడేళ్లలో అతను మనిషితో మాట్లాడిందంటూ పెద్దగా లేదు.

వస్తూ వస్తూ తెచ్చుకున్నది ఒక జెముడు మొక్క. మన చేలగట్ల మీది నాగజెముడు కాదు. సముద్రాల అవతల, దక్షిణ అమెరికాలో ఎత్తు కొండల మీద పుట్టే జాతి. స్తంభంలా నిటారుగా పెరుగుతుంది. ఒంటినిండా ముళ్లు, ముళ్లను కప్పేస్తూ పొడుగాటి తెల్లజుట్టు. కొండమీది చలికీ ఎండకూ తట్టుకోవడానికి అది చేసుకున్న ఏర్పాటు. మస్కట్ తోటలో వేలెడంత ఉన్నప్పుడు చేతికొస్తే, పద్నాలుగేళ్లకు మోచేతి పొడుగైంది. దాన్ని ఆర్మూర్‌లో బతికించడానికి పడ్డ పాట్లు ఎవరికి చెప్పుకోవాలి? దానికే చెప్పుకునేవాడు.

పక్కింటి రజిత భర్త కువైట్‌లో ఉంటాడు. ఇరవై రోజులుగా అతని ఫోన్ లేదు. ఒక పొద్దున ఆమె ఏడుపు ముఖంతో పోతూ నరహరి గడప పక్కన కుండీ చూసి ఆగింది.

"అచ్చం గుట్ట మీద తపస్సు జేసిన సిద్ధుని లెక్కనే, తెల్లజుట్టుతోని ఉన్నడు," అని చేతులు జోడించింది.

ఆ సాయంత్రమే ఫోన్ వచ్చింది. ఇంకేం కావాలి? మర్నాడు చెంబెడు పసుపునీళ్లు తెచ్చి జెముడు నెత్తిన పోసింది. పసుపుకు కరువా ఈ ఊళ్లో! బీడీలు చుట్టే ఆడవాళ్లకు చేతులకే పని గానీ నోళ్లు ఖాళీయే కదా, వారం తిరక్కుండా సందంతా చెంబులు పట్టుకుని దిగింది.

ఆ మొక్కకు నెలకోసారి గుక్కెడు నీళ్లు చాలు. ఎక్కువైతే కుళ్లిపోతుంది. ఆ మాట మొదటిరోజే చెప్పాలని నరహరి నోరు తెరిచాడు. ఇంతలో బీడీల ముత్తెమ్మ మెట్టు మీద కూలబడి అడిగింది.

"ఒక్కనివే ఉంటవా కొడుకా? ఏం వండుకున్నవ్ ఇయ్యాల?"

ఎన్నేళ్లయింది ఆ ప్రశ్న విని! వండిందేమిటో చెప్పుకుంటూ కూర్చున్నాడు, చెప్పాల్సింది చెప్పనే లేదు.

నెలన్నరకు జెముడు మొదలు రంగు మారింది. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగింది. నరహరికి తోటపని తెలుసు. కుళ్లినంతమేర కోసి, నెలరోజులు నీడన ఆరబెట్టి, చుక్క నీళ్లు తగలనీయకపోతే బతుకుతుంది. కానీ కుండీ లోపలికి పోతే గడప దగ్గరికి ఎవరొస్తారు? రెండు రోజులు కొట్టుమిట్టాడి, చివరికి చెప్పేయాలనే నిశ్చయించుకున్నాడు.

మంగళవారం పొద్దున్నే ఆడవాళ్లు వచ్చారు. రజిత చాప పరిచింది. ఎవరో జొన్నరొట్టెలు విప్పి అతని ముందు పెట్టారు. ముత్తెమ్మ చెంబు ఎత్తింది.

"పెద్దవ్వా, జర ఆగు," అన్నాడు నరహరి. "గీ చెట్టుకు నీళ్లు..."

"ఏంది కొడుకా, సాలుతలేవా?"

చాప మీద అందరూ అతని వైపే చూస్తున్నారు. తన మాట కోసం ఇంతమంది ఎదురుచూడటం అతనెరగడు. జెముడు వైపు చూడలేకపోయాడు. సిగ్గేసింది, దుఃఖం ముంచుకొచ్చింది. పద్నాలుగేళ్ల తోడును తన చేత్తోనే చంపుకుంటున్నానని తెలుసు. అయినా లేచి, ముత్తెమ్మ చెంబు అందుకుని, గడప పక్క నీళ్ల డ్రమ్ములో ముంచి అంచుదాకా నింపి ఇచ్చాడు.

"సాలుతలేవు పెద్దవ్వా," అన్నాడు. "రోజూ రాండ్రి."