అక్క చేతి మీద నేను రాసిన పేరు

నిన్న నంద్యాలలో ఓ టాటూ షాపు అద్దం మీద ‘నొప్పి లేకుండా తీసేస్తాం’ అన్న మాట చూసి అక్కడే నిలబడిపోయాను.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, డెబ్బైల్లో సూదుల డబ్బీ పట్టుకుని వీధులు తిరిగే పచ్చబొట్ల అవ్వ. ఆళ్లగడ్డలో మా అరుగు మీద కూర్చుని ఆముదం దీపపు మసిని పాలతో నూరేది. ఆ వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది.

నన్ను చంకనెత్తుకుని పెంచిన మా పెద్దక్క, చేతి మీద నా పేరే కావాలంది. అవ్వకు చదువు రాదు.

"నువ్వే రాయప్పా, దాని మీదనే పొడుస్తా" అని మసిలో ముంచిన చీపురుపుల్ల నాకిచ్చింది.

అప్పుడే అక్షరాలు నేర్చిన గొప్పతో, మణికట్టు నుంచి మోచేయి దాకా రాశాను. సూది దిగుతుంటే అక్క నోట్లో బెల్లం ముక్కలు పెడుతూ కూర్చున్నాను. అక్క ఒక్కసారి కూడా అరవలేదు.

పెళ్లయి నంద్యాల వెళ్లాక, మొగుడి పేరుండాల్సిన చోట తమ్ముడి పేరేమిటని అత్త పట్టుబట్టింది. జీడిగింజల రసం, సున్నం పూయించి ఆ అక్షరాలను కాల్పించింది. నేను సెలవులకు వెళ్లేసరికి చేతికి గుడ్డ కట్టి ఉంది.

"ఏందక్కా ఇది?"

"ఏం లేదులేరా. నీ పేరు యాడికీ పోల్యా, లోపల్నే ఉంది."

అక్క ఇప్పటికీ ఎండాకాలంలో కూడా నిండు చేతుల రవికే వేసుకుంటుంది. ఆ రవిక చూసినప్పుడల్లా ఒక్కటే అనిపిస్తుంది. ఆ రోజు కాస్త చిన్నగా రాసి ఉండాల్సింది.